18 అంగుళాల స్టెప్నీ, 17 అంగుళాల టైర్లు: ఒక 4బై4 పికప్ కేసు

బండి వచ్చింది గురువారం పొద్దున, షట్టర్ ఎత్తి ఇంకా టీ కూడా తాగలేదు. డబుల్ క్యాబ్ డీజిల్ పికప్, మాన్యువల్ గేర్లు, స్విచ్ తిప్పి 2హెచ్ (వెనక రెండు చక్రాలకే పవర్), 4హెచ్ (నాలుగింటికీ), 4ఎల్ (నాలుగింటికీ, తక్కువ వేగంలో ఎక్కువ లాగుడు) మార్చుకునే రకం. ఓనరుది పలమనేరు దగ్గర పల్లె, ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో, ఊళ్లో వాళ్ల నాన్నకి టమాటా తోట ఉంది కాబట్టి రెండు వారాలకోసారి పోయి వస్తుంటాడు. నా షెడ్డు కే.ఆర్.పురం దాటాక పాత మద్రాసు రోడ్డు పక్కన, అందువల్ల కోలార్ వైపు నుంచి వచ్చే తెలుగువాళ్ల బండ్లు ఎక్కువగా నా దగ్గరే ఆగుతాయి.

"అన్నా, ట్రాన్స్‌ఫర్ కేస్ పోయిందంట. మొత్తం మార్చాల్సిందేనంట." దిగుతూనే అన్న మాట ఇది. ట్రాన్స్‌ఫర్ కేస్ అంటే గేర్‌బాక్స్ పవర్‌ని ముందు, వెనక ఆక్సిళ్లకి పంచే పెట్టె. చెప్పింది వేరే వర్క్‌షాపు వాళ్లు. వాళ్లు అప్పటికే వెనక ఎడమ చక్రం ఏబీఎస్ సెన్సర్ ఒకటి మార్చి డబ్బు తీసుకున్నారు, ల్యాంపు మాత్రం ఆరలేదు. అది ఆరకపోయేసరికి పెద్ద ఎస్టిమేట్ చేతిలో పెట్టారు.

కంప్లయింట్లు మూడు. 4హెచ్ ల్యాంపు ఆగకుండా మిణుకుతోంది, స్విచ్ 2హెచ్‌కి తిప్పినా పోవట్లేదు. ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ ల్యాంపులు రెండూ వెలుగుతున్నాయి. ఇక మూడోది, బండి నేరుగా పోతుంటే ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టుంది, ఉండుండి కింద 'ధన్'మని కొడుతోంది. ఈ మూడోది చెప్పాక, ఏదో గుర్తొచ్చినట్టు అతనే ఇంకో మాట కలిపాడు: "యూటర్న్ తిప్పితే మాత్రం కాసేపు ఫ్రీ అవుతుందన్నా, మళ్లీ కొంచెం దూరం పోయాక అదే కత."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక ఆక్సిళ్లని వేరు వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) లేని 4బై4 బండిని పొడి తారు రోడ్డు మీద 4హెచ్‌లో నడిపితే ఇబ్బంది వచ్చేది మలుపులో, నేరుగా పోయేటప్పుడు కాదు. మలుపులో ముందు చక్రాలు పెద్ద గుండ్రం తిరుగుతాయి, వెనకవి చిన్న గుండ్రం తిరుగుతాయి, మధ్యలో రెండు షాఫ్టులూ ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఒకదానికొకటి బిగిసి ఉంటాయి కాబట్టి ఆ తేడా పోవడానికి దారి ఉండదు. ఇతనిది పూర్తిగా తిరగబడింది. నేరుగా పోతే పట్టేస్తోంది, మలుపులో వదులుతోంది. అంటే నేరుగా పోతున్నప్పుడే వెనక చక్రాలు ముందు వాటికంటే ఎక్కువ చుట్లు తిరగాలని చూస్తున్నాయి. మలుపులో ముందు చక్రాలకి కూడా ఎక్కువ చుట్లు కావాల్సి వస్తే రెండూ కొంతసేపు సమానమవుతున్నాయి. గేర్లు అరిగితే ఇలా ఉండదు. ఇది చక్రాల సైజు గోల.

లేచి వెనక్కి పోయి చూశాను. మూడు చక్రాలు నల్ల అల్లాయ్‌లు, దొడ్డ ఆల్ టెరైన్ టైర్లు. వెనక ఎడమది కంపెనీ రిమ్ము, హైవే టైరు, దాని మీద ఎర్రమట్టి ఎండిపోయి ఉంది. దాచిపెట్టిందేమీ లేదు, రోడ్డు మీద పోయేవాడికి కూడా కనబడుతుంది. ఆ వర్క్‌షాపు వాళ్లూ చూసే ఉంటారు. సెన్సర్ మార్చడానికి ఆ చక్రమే ఊడదీసి మళ్లీ బిగించారు కదా.

"స్టెప్నీ ఎప్పుడు వేశావప్పా?"

"ఆదివారం. తోట దారిలో రాయి తగిలి సైడ్‌వాల్ చీలిపోయింది. అయినా స్టెప్నీ పెద్దదే కదన్నా, 18 అంగుళాలు. ఇవి 17."

ఈ మాట నేను కనీసం పదిమంది నోట విని ఉంటాను. 18, 17 అనేవి రిమ్ము కొలతలు, టైరు ఎత్తు కాదు. బండితో వచ్చిన టైరు 255/60 ఆర్18. ఓనరు మార్చి వేసుకున్నది 265/70 ఆర్17. లెక్క ఎవరైనా వేసుకోవచ్చు: రిమ్ము అంగుళాలని 25.4తో గుణిస్తే మిల్లీమీటర్లు వస్తాయి, దానికి టైరు గోడ ఎత్తు రెండుసార్లు కలపాలి, గోడ ఎత్తు అంటే వెడల్పులో (మొదటి నంబరు, మి.మీ.లో) రెండో నంబరు చెప్పినంత శాతం. స్టెప్నీకి 457 మీద 306 కలిపితే 763 మి.మీ. నల్ల అల్లాయ్‌లకి 432 మీద 371 కలిపితే 803 మి.మీ. 17 అంగుళాల చక్రమే 40 మి.మీ. ఎత్తు ఎక్కువ, సుమారు 5 శాతం.

దీనికి ఉల్టా కూడా ఉంది. టొయోటా హైలక్స్‌లో కింది వేరియంట్‌కి 265/65 ఆర్17, పై వేరియంట్‌కి 265/60 ఆర్18 వస్తాయి. నంబర్లు చూస్తే వేరు వేరు, ఎత్తు లెక్కేస్తే 776, 775. మిల్లీమీటరు తేడా. నంబరు వేరైనంత మాత్రాన ప్రమాదమూ కాదు, నంబరు ఒకటైనంత మాత్రాన భద్రమూ కాదు, ఆ రెండో సంగతి ఇదే కేసులో తర్వాత నాకు ఎదురైంది.

స్కానర్ పెట్టి సెన్సర్ల లైవ్ డేటా చూస్తూ, పక్కన కూర్చున్న కుర్రాడిని చదవమన్నాను. వెనక కుడి చక్రం 40 చూపిస్తుంటే వెనక ఎడమది 42 చూపిస్తోంది. 40కి 5 శాతం అంటే 2. సెన్సర్ కొత్తదీ సరిగ్గానే చెబుతోంది, పాతదీ సరిగ్గానే చెప్పి ఉంటుంది. ఒక చక్రం మిగతావాటికంటే జోరుగా తిరుగుతుంటే అది జారుతోందేమో అని ఏబీఎస్ కంప్యూటర్ అనుకుంటుంది, ఎంతసేపు చూసినా ఆ తేడా పోకపోతే సెన్సర్ మీద అనుమానపడి కోడ్ వేసి ల్యాంపు వెలిగిస్తుంది. కోడ్‌లో 'వెనక ఎడమ సెన్సర్' అని రాగానే సెన్సర్ మార్చేశారు. పోస్ట్‌మ్యాన్ చెడ్డ ఉత్తరం తెస్తే పోస్ట్‌మ్యాన్‌ని మార్చినట్టుంది.

లెక్క మీద నమ్మకం ఉన్నా నేను నేల మీద కొలవకుండా వదలను, ఎందుకంటే బరువు పడ్డాక టైరు నొక్కుకుంటుంది, గాలి ప్రెషర్‌ని బట్టి కూడా మారుతుంది. పద్ధతి చాలా సులువు. గాలి సరిచేసి, టైరు కింద నేలని తాకేచోట సుద్దతో టైరు మీద ఒక గీత, నేల మీద ఒక గీత. బండిని మెల్లగా తోసి, టైరు మీది గీత మళ్లీ కిందికి వచ్చినచోట నేల మీద ఇంకో గీత. మధ్యలో టేపు పెట్టడమే. అయితే ఇతని బండి తోస్తే కదలదు, బిగుసుకుపోయి ఉంది. ముందు ఆ బిగువు తీయాలి.

ముందు ఎడమ వైపు జాకీ పెట్టాను. హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి చెక్కలు పెట్టి, అందరినీ దూరం జరగమని చెప్పి మరీ పెట్టాను, ఎందుకో ఇప్పుడు చెప్తాను. టైరు నేలని వదిలిన క్షణంలో, ఇంజన్ ఆఫ్‌లో, గేరు న్యూట్రల్‌లో ఉండగా, ఆ చక్రం తనంతట తానే 'టప్'మని నాలుగు వేళ్ల మేర ముందుకు తిరిగింది. షాఫ్టుల్లో మెలితిరిగి ఉన్న బిగువంతా అక్కడ ఒక్కసారి వదిలింది. వీల్ స్పానర్ పట్టుకుని ఎవరైనా అక్కడ కూర్చుని ఉంటే వేళ్లు పోయేవి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే 4హెచ్ ల్యాంపు రెండుసార్లు మిణికి ఆరిపోయింది. స్విచ్ నాలుగు రోజులుగా 2హెచ్‌లోనే ఉంది. లోపల ఫోర్కు (గేరు స్లీవుని జరిపే చెయ్యి) కదలాలని చూస్తోంది, స్లీవు మీద బిగువు ఉండబట్టి కదలలేకపోయింది, అంతే. ఓనరు నా ముఖం చూశాడు, ల్యాంపు చూశాడు. "రిపేరు ఇంతేనా అన్నా?" కాదు, ఇది రిపేరు కాదు, మెలి విప్పడం. దారిలో జాకీ లేకపోతే స్విచ్ 2హెచ్‌లో పెట్టి నేరుగా పది, పదిహేను మీటర్లు రివర్స్ పోయినా చాలాసార్లు వదులుతుంది.

ఆ తర్వాత సుద్ద గీతలు. నల్ల అల్లాయ్ ఒక చుట్టుకి 244 సెంటీమీటర్లు, స్టెప్నీ ఒక చుట్టుకి 232. ఓనరు చేతికే టేపు ఇచ్చి కొలిపించాను.

ఇప్పుడు జరిగినదంతా వరసగా పేర్చుకుంటే ఇలా ఉంది. ఆదివారం సాయంత్రం తోట దారిలో టైరు చీలింది, స్టెప్నీ వేశాడు, బురదలోంచి బయటపడటానికి 4హెచ్ వేశాడు. అక్కడి వరకు తప్పేమీ లేదు, బురదలో చక్రం జారి తేడాని తానే తీర్చుకుంటుంది. ముళబాగిలు దగ్గర వాన దంచింది, గ్రిప్పు బాగుంటుందని 4హెచ్‌లోనే ఉంచాడు. కోలార్ వచ్చేసరికి వాన ఆగి రోడ్డు ఆరిపోయింది, 2హెచ్‌కి తిప్పాడు, కానీ అప్పటికే లోపల బిగుసుకుంది. మిణుకుతున్న ల్యాంపుతోనే ఇంటికొచ్చాడు, మరుసటి రోజు నుంచి ఆఫీసుకీ తిరిగాడు.

దీని ఖరీదు ఎంతో అంకెల్లో చూడండి. వెనక ఆక్సిల్‌లో ఒక చక్రమే చిన్నది, రెండోది మామూలుదే, డిఫరెన్షియల్ ఆ రెండింటి సగటు తీస్తుంది. కాబట్టి ముందుకీ వెనక్కీ తేడా 5 శాతం కాదు, అందులో సగం, రెండున్నర. కిలోమీటరుకి 25 మీటర్లు. కిలోమీటరు పోయిన ప్రతిసారీ ఏదో ఒక టైరు 25 మీటర్ల దూరం ఈడ్చుకుపోవాలి, లేకపోతే షాఫ్టు మెలితిరగాలి. ముళబాగిలు నుంచి కోలార్‌కి దాదాపు 30 కిలోమీటర్లు, అంటే ముప్పావు కిలోమీటరు ఈడ్పు. తడి రోడ్డు కాబట్టి టైర్లు జారి ఓర్చుకున్నాయి. పొడి రోడ్డు మీద టైరు అంత సులువుగా జారదు, బిగువు పెరిగి పెరిగి ఒక్కసారి జారుతుంది, ఆ 'ధన్' అదే.

లోపల ఏమైందో చూడాలి కదా. ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిలు దించితే నల్లగా, కాస్త మాడు వాసనతో వచ్చింది. డ్రెయిన్ బోల్టు అయస్కాంతం మీద సన్నని బూడిదలాంటి పొడి, వేలితో రుద్దితే మెత్తగా కాటుకలా ఉంది. రవ్వలు, ముక్కలు లేవు. ముక్క ఒక్కటి కనబడినా నేను కేస్ విప్పమనే చెప్పేవాణ్ణి. ముందు ప్రొపెల్లర్ షాఫ్టులో ఒక క్రాస్ (షాఫ్టు వంగడానికి వీలిచ్చే కీలు) వదులై ఆడుతోంది, విప్పితే గ్రీజు ఎండిపోయి తుప్పుపొడి రాలింది. అది ఈ నాలుగు రోజుల్లో పోయింది కాదు, అంతకుముందే ఎండిపోయి ఉంటుంది, ఇది దాన్ని పూర్తి చేసింది. వెనక హౌసింగ్ (డిఫరెన్షియల్ ఉండే పెట్టె) ఆయిలు రంగు మారింది తప్ప శబ్దం లేదు. క్రాస్ మార్చాను, మూడుచోట్లా ఆయిళ్లు మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్‌వే పోశాను, మూడు పెద్ద టైర్లే ఉన్నాయి కాబట్టి నా దగ్గరున్న కస్టమర్ చక్రం ఒకటి అప్పుగా వేసి ట్రయల్ కొట్టాను. శబ్దం లేదు, కోడ్‌లు చెరిపేశాక మళ్లీ రాలేదు. ట్రాన్స్‌ఫర్ కేస్ మార్చలేదు.

ఇక స్టెప్నీ సంగతి. ఇది బండితో పాటు వచ్చినది, పక్కన తయారీ తేదీ 1419 అని ఉంది, అంటే 2019లో 14వ వారం. ఆదివారానికి ముందు ఒక్కసారి కూడా నేల తాకలేదు, రబ్బరు వెంట్రుకలు కూడా పూర్తిగా పోలేదు, కానీ గోడ మీద సన్నని పగుళ్లు. అయిదారేళ్లు బండి కింద ఎండా దుమ్మూ సైలెన్సర్ వేడీ తింటూ వేలాడితే అంతే. నాలుగు టైర్లు మార్చినప్పుడు అయిదోది ఎందుకు మార్చలేదని అడిగితే, 803 మి.మీ. టైరు బండి కింద స్టెప్నీ జాగాలో పట్టదు, అందుకని పాతదే ఉంచేశామని చెప్పాడు. ఇందులో నా తప్పు కూడా ఉంది. ఆ అల్లాయ్‌లు వేసినప్పుడు అలైన్‌మెంట్ చేసింది నేనే. నాలుగు చక్రాలు చూశాను, అయిదోది అడగలేదు. ఇప్పుడు జాబ్ కార్డు మీద స్టెప్నీ సైజు, తేదీ రాసే గడి ఒకటి పెట్టాను.

చిన్న స్టెప్నీయే గతి అయితే ఏం చేయాలి అని అడిగేవాళ్లకి: ఇలాంటి పార్ట్‌టైమ్ (కావాలన్నప్పుడే 4బై4 అయ్యే) బండిలో 2హెచ్‌కి మార్చి, స్టెప్నీని ముందు ఆక్సిల్‌కి వేసుకుని, మెల్లగా దగ్గరలోని టైరు షాపు వరకు పోవడం. వెనక పంక్చరైతే ముందు చక్రం తీసి వెనక్కి, స్టెప్నీ ముందుకి, రెండుసార్లు జాకీ పని. వానలో చేయబుద్ధి కాదు, నాకు తెలుసు. వెనకే వేస్తే ఏమవుతుందంటే, నేరు రోడ్డు మీద కూడా హౌసింగ్‌లో స్టార్ గేర్లు (డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు) ఆగకుండా తిరుగుతూ ఉంటాయి. పికప్ వెడల్పుకి 5 శాతం తేడా అంటే సుమారు 30 మీటర్ల రేడియస్ ఉన్న గుండ్రంలో బండిని గంటల తరబడి తిప్పుతున్నట్టు. ఆ గేర్లు మలుపులో కొన్ని సెకన్లు తిరగడానికి చేసినవి. పది కిలోమీటర్లు పర్లేదు, చెన్నై దాకా పోతానంటే నేను ఒప్పుకోను. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా ప్లేట్లతో పట్టే డిఫరెన్షియల్) ఉన్న బండైతే ఆ పది కూడా వద్దంటాను, ప్లేట్లు అరుగుతాయి. వెనక రెండు చక్రాలనీ కలిపి బిగించే లాక్ ఉంటే దాని జోలికే పోవద్దు.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఇది విని తన హోండా రిడ్జ్‌లైన్ గురించి అడిగాడు. అది వేరే జాతి. అందులో 2హెచ్ స్విచ్ ఉండదు, ముందు చక్రాలు ఎప్పుడూ నడుస్తాయి, అవసరాన్ని బట్టి క్లచ్ ప్లేట్లు వెనక్కి పవర్ పంపుతాయి. ఫోక్స్‌వాగన్ మొదటి తరం అమరాక్ పికప్‌లో కొన్ని ఆటోమేటిక్‌లకి టోర్సెన్ అనే గేర్ల సెంటర్ డిఫరెన్షియల్‌తో ఎప్పుడూ నాలుగు చక్రాలూ నడుస్తాయి. ఇలాంటి వాటిలో తేడాని డ్రైవరు తప్పించలేడు, అదంతా ప్లేట్ల మీదో సెంటర్ గేర్ల మీదో పడుతుంది. అందుకే ఆ కంపెనీలు అంత పట్టుగా ఉంటాయి: సుబారు అయితే నాలుగు టైర్ల చుట్టుకొలతలో తేడా పావు అంగుళం దాటకూడదంటుంది. చుట్టుకొలతలో పావు అంగుళం అంటే ట్రెడ్డులో ఒక్క మిల్లీమీటరు. పాత సుబారు ఆటోమేటిక్‌లలో చిన్న స్టెప్నీ వేసినప్పుడు బానెట్ కింద ఒక ఫ్యూజ్ గుచ్చితే వెనక చక్రాలకి పవర్ ఆగేలా ఏర్పాటే ఉండేది. మనవాళ్ల పికప్‌లకి ఆ ఫ్యూజ్ పని చేసేది 2హెచ్ స్విచ్. అది చేతిలో ఉండి కూడా వాడకపోవడమే నాకు బాధ.

చివరి తలనొప్పి టైర్లు కొనే దగ్గర వచ్చింది. చీలిందానికి బదులు ఒకటి, స్టెప్నీకి ఒకటి, మొత్తం రెండు కావాలి. ఓనరు అదే కంపెనీ, అదే 265/70 ఆర్17 కొత్తవి రెండు కొంటానన్నాడు. గేజ్ పెట్టి చూస్తే మిగిలిన మూడింటిలో ట్రెడ్డు ఆరున్నర మిల్లీమీటర్లు, షాపులో కొత్తదానికి 11. నాలుగున్నర తేడా, అది పైనా కిందా కలిపి ఎత్తులో 9 మి.మీ., ఒక శాతం పైన. నంబరు అక్షరం పొల్లు పోకుండా ఒకటే, తేడా మాత్రం సుబారు లెక్కకి నాలుగున్నర రెట్లు. పార్ట్‌టైమ్ బండి కాబట్టి కొంప మునగదు, రెండు కొత్తవీ ఒకే ఆక్సిల్‌కి వేసి తారు రోడ్డు మీద 2హెచ్‌లోనే నడిపితే బండి పోతుంది. కానీ ఇతను వాన పడితే 4హెచ్ వేసే మనిషి, నాలుగు రోజుల కిందట చూశాం కదా.

సెకండ్ హ్యాండ్ టైర్లంటే నాకు సాధారణంగా పడదు. ఈసారి నేనే వెతికాను. అదే సైజు, అదే మోడల్ నుంచి ఇంకా పెద్ద టైర్లకి మారుతున్న ఒక కస్టమర్ దగ్గర రెండు దొరికాయి, ట్రెడ్డు ఏడు మిల్లీమీటర్లు, తేదీ రెండేళ్ల లోపు. రిమ్ము నుంచి విప్పి లోపల టార్చి వేసి చూశాను, ప్యాచ్‌లు లేవు, ఉబ్బులు లేవు. అయిదూ అర మిల్లీమీటరు లోపల వచ్చాయి. అయిదో అల్లాయ్ అదే మోడల్ దొరకడానికి మూడు వారాలు పట్టింది. 8,000 కిలోమీటర్లకోసారి అయిదింటినీ మార్చి మార్చి వేయాలని స్టిక్కర్ రాసి డోర్ లోపల అంటించాను, లేకపోతే స్టెప్నీ ఒక్కటే కొత్తగా మిగిలిపోయి కథ మళ్లీ మొదలవుతుంది.

బండి కింద పట్టదు కాబట్టి అయిదో చక్రాన్ని వెనక తొట్టిలో, క్యాబిన్ గోడకి ఆనించి నిలబెట్టి, బ్రాకెట్ చేసి బిగించాం. పోయిన నెల సర్వీసుకి వచ్చినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ బోల్టు మళ్లీ విప్పి చూశాను, అయస్కాంతం మీద మామూలు అరుగుదల పొడి తప్ప ఏమీ లేదు. వాళ్ల నాన్న కూడా ఆ రోజు బండిలోనే ఉన్నాడు. ఆయన తొట్టి వైపు చెయ్యి చూపించి, ఆ చక్రం పెట్టినప్పటి నుంచి టమాటా పెట్టెలు నాలుగు తక్కువ పడుతున్నాయని నాతో పోట్లాడి వెళ్లాడు.